లేవనన్న పిల్ల

నేను ఎనిమిదో తరగతికి వచ్చిన ఏడాది మా స్కూలు కరస్పాండెంట్ గారికి బాస్కెట్‌బాల్ మీద ప్రేమ పుట్టింది. అంతకు ముందు ఏడాది అబాకస్ మీద పుట్టింది, దానికి ముందు యోగా మీద. నరసరావుపేటలో ఇంకో స్కూలు వాళ్ళు ఈతకొలను కట్టబోతున్నారని అప్పట్లో పుకారు. ఈయన దగ్గర నీళ్ళు లేవు గానీ బస్సులు నిలిపే ఖాళీ స్థలం ఉంది. అందులో సిమెంటు పోయించి, స్తంభాలు పాతించి, గుంటూరు నుంచి ఒక కోచ్‌ని తెచ్చిపెట్టాడు. ప్రారంభోత్సవం నాడు మైకు పట్టుకుని అరగంట మాట్లాడి, ఆ అరగంటా రింగుని "బుట్ట" అనే అన్నాడు. బుట్టలో బంతి వేసిన పిల్ల జీవితంలో దేన్నయినా గెలుస్తుందట. తల్లిదండ్రులు చప్పట్లు కొట్టారు. తమ పిల్లల్ని అంతవరకూ వీధిలో బంతి కూడా ఆడుకోనివ్వని వాళ్ళే అందరికంటే గట్టిగా కొట్టారు.

జట్టుని ఎంచడం ప్రార్థన అయ్యాక జరిగింది. కోచ్ మమ్మల్ని వరసగా నిలబెట్టి, పందేలకు గిత్తల్ని చూసినట్టు చూసుకుంటూ వచ్చాడు. చేతులు చాచమన్నాడు, అరచేతులు తిప్పి చూశాడు. నా దగ్గర ఆగి పేరు అడిగాడు. చెప్పాను.

"సాయిబుల పిల్లవా? మీ ఇంట్లో ఒప్పుకుంటారా, ఆటలకి?"

"అడుగుతా సార్."

ఇంట్లో అడిగితే మా నాన్న, రైల్వే స్టేషన్ దగ్గర మోటారు సైకిళ్ళు బాగుచేసే మనిషి, స్పానరు పక్కన పెట్టకుండానే "కాళ్ళు కనపడకుండా ఆడుకో" అన్నాడు. అంతే. కోచ్ ఊహించుకున్న గొడవ ఏదీ మా ఇంట్లో జరగలేదు. ఆ తర్వాత కూడా అతను ప్రతి సభలోనూ నన్ను ముందుకు లాగి, "ఇలాంటి కుటుంబం నుంచి కూడా అమ్మాయిని బయటికి తెచ్చాం" అని చెప్పుకునేవాడు. నన్నెవరూ ఎక్కడి నుంచీ తేలేదు. నేను రోజూ సైకిల్ మీద నా అంతట నేనే వచ్చేదాన్ని.

జట్టులో అసలైన ఆటగత్తె నేను కాదు. బెల్లంకొండ నుంచి వచ్చిన ఒక పిల్ల. వాళ్ళ నాన్న పొలం కౌలుకు తీసుకుని మిరప వేసేవాడు. ఆ పిల్ల ఎత్తు చూసి కోచ్ సర్కారు బడి నుంచి తీసుకొచ్చి, ఫీజు లేకుండా హాస్టల్లో సీటు ఇప్పించాడు. వచ్చేనాటికి ఆమె బాస్కెట్‌బాల్ రింగు చూసి ఎరగదు. కానీ ఎగిరి గాలిలో బంతిని అందుకుంటే, కొమ్మ మీది కాయ కోసుకున్నంత తేలిగ్గా ఉండేది. గొంతు కూడా పెద్దది. మైదానంలో "నాదే" అని ఆమె అరిస్తే అవతలి జట్టు పిల్లలు కూడా ఒక్క క్షణం బంతి వదిలేసేవాళ్ళు.

ఆ అరవడం కోచ్ నేర్పినదే, ఒప్పుకుంటాను. బంతి ఎవరిదో, ఎవరు ఎవరిని కాయాలో గట్టిగా చెప్పకపోతే ఈ ఆట నడవదు. "నోళ్ళు తెరవండే, మూగోళ్ళలాగా ఆడతారేంది" అని మమ్మల్ని తిట్టేవాడు. గీత దాటి బయటికి వచ్చి, ఈ బూట్లు కరుస్తున్నాయి సార్ అనో, మంచినీళ్ళు లేవు సార్ అనో అంటే, "నోర్మూసుకోండే, ఆడపిల్లలకి అంత గొంతేంది" అనేవాడు. తను చెప్పేవి ఒకదానికొకటి అడ్డం వస్తున్నాయని అతనికి ఎప్పుడూ తట్టలేదు. ఆలోచన అతని పని కాదు, విజిల్ అతని పని.

మేము ఆడిన దానికంటే నిలబడింది ఎక్కువ. అడ్మిషన్ల రోజులు రాగానే జెర్సీలు తొడిగి మమ్మల్ని ఓపెన్ జీపు ఎక్కించి సత్తెనపల్లి రోడ్డు వెంట తిప్పేవాళ్ళు. ఎవరైనా పెద్దమనిషి వస్తే పళ్ళేల్లో పూలు పట్టుకుని గేటు దగ్గర నిలబడేవాళ్ళం. శివరాత్రికి కోటప్పకొండ కింద స్కూలు బ్యానరు కట్టి, మజ్జిగ ప్యాకెట్లు పంచడానికి మమ్మల్ని నిలబెట్టారు. ఊళ్ళ నుంచి బళ్ళ మీద ఎత్తయిన ప్రభలు వస్తుంటే జనం తోసుకుంటున్నారు, ఎండ నెత్తిన దిగుతోంది, మా మీద మజ్జిగ ఒలికి జెర్సీలు పులిసిపోయాయి. కోచ్ అక్కడ కూడా విజిల్ ఊదాడు. మర్నాడు కరపత్రంలో "క్రీడల ద్వారా సేవాగుణం" అని మా ఫోటో వేశారు. ఫోటో తీసే ముందు మమ్మల్ని నవ్వమన్నారు. బెల్లంకొండ పిల్ల నవ్వలేదు. అందుకని ఆమె మొహం మీద స్కూలు ఫోన్ నంబరు అచ్చేశారు.

నేను పదో తరగతిలో ఉండగా కరస్పాండెంట్ గారు సొంతంగా ఒక టోర్నమెంటు పెట్టించాడు. జిల్లాలోని స్కూళ్ళ నుంచి జట్లను పిలిచాడు. ఫైనలుకు ఒక నాయకుడు వస్తానన్నాడు. బజారంతా ఫ్లెక్సీలు. వాటి మీద కరస్పాండెంట్ గారి మొహం తలుపంత, నాయకుడి మొహం గోడంత, అడుగున బంతితో గాలిలో ఎగురుతున్న బెల్లంకొండ పిల్ల అరచేయంత.

పొద్దున జరిగిన సెమీఫైనల్లో ఆ పిల్ల రింగు కింద ఎగిరి దిగేటప్పుడు అవతలి అమ్మాయి పాదం మీద దిగింది. మోకాలు పక్కకు తిరిగింది. ఆ శబ్దం నేను విన్నాను. మధ్యాహ్నానికి మోకాలు గుమ్మడికాయలా వాచింది. డాక్టరుకు చూపిద్దామని నేను అంటే, కోచ్ స్ప్రే కొట్టి, సాగే గుడ్డ చుట్టి, "బెణికింది, అంతే. సాయంత్రం ఆడిద్ది" అన్నాడు. కరస్పాండెంట్ గారు వచ్చి మోకాలి వైపు చూడకుండా ఆ పిల్ల మొహంలోకి చూసి, "నీ కోసం ఆయన వస్తున్నాడమ్మా. ఫ్లెక్సీ మీద ఉన్న పిల్ల ఆడకపోతే నేనేం చెప్పాలి?" అన్నాడు. కాలు పోయిందని చెప్పొచ్చు. ఆ జవాబు ఆయనకు తోచలేదు.

ఆయన వెళ్ళాక నేను ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు జట్టుకి కెప్టెన్ని నేనే.

"ఆడమాకే. నేను చెప్తా సార్‌కి."

"ఆడకపోతే సీటు పోయిద్ది."

"పోతే పోయిద్ది. కాలు పోతే ఏం చేస్తావు?"

"నీకేందే, ఊళ్ళో పిల్లవి, సైకిలెక్కి ఇంటికి పోతావు. నేను మా నాన్నకేం చెప్పాలి?" అంది. జారిన గుడ్డని నేనే ఆమె మోకాలికి మళ్ళీ బిగించాను.

సాయంత్రం ఫైనలు మాచర్ల జట్టుతో. నాయకుడు ఆలస్యంగా వచ్చాడు కాబట్టి మేము ఒళ్ళు వేడెక్కించుకోవడం, చల్లబడటం, మళ్ళీ వేడెక్కించుకోవడం చేశాం. ఆట మొదలైంది. ఆమె ఒంటికాలి మీద కుంటుతూనే రెండు బుట్టలు వేసింది. కరస్పాండెంట్ గారి బుట్ట నాక్కూడా అంటుకుంది చూడండి. మూడోసారి ఎగిరి దిగినప్పుడు కాలు నిలవలేదు. సిమెంటు మీద కూలబడింది. రిఫరీ ఆట ఆపాడు.

బెంచీ మీద తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె ఉంది, ఆమె బదులు ఆడాల్సిన పిల్ల. నేను కేకేసి పిలిచాను. ఆ పిల్ల లేచి స్కోరు రాసే బల్ల దగ్గరికి పోతుంటే, కోచ్ వెనక నుంచి జెర్సీ పట్టుకుని, వేదిక మీద పెద్దమనుషులంతా చూస్తుండగా, ఈడ్చి మళ్ళీ బెంచీ మీద పడేశాడు. తర్వాత గీత దగ్గరికి వచ్చి కింద పడ్డ పిల్లతో, "నటించమాక. లెయ్యి" అన్నాడు.

ఆమె అతని వైపు చూసింది. నొప్పికి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి గానీ గొంతు ఎప్పటి గొంతే. మైదానంలో బంతి అడిగే గొంతు.

"లేవను సార్."

"లేవలేవా, లేవవా?"

"లేవలేక కాదు. లేవను."

వేదిక దాకా వినపడింది. మైకులో ఆట వివరిస్తున్న తెలుగు మాస్టారు మధ్యలో ఆగిపోయాడు. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను. ఏదో ధైర్యం వచ్చి కూర్చోలేదు. నిలబడి ఉంటే అతని వైపు నిలబడినట్టు అనిపించింది. మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. మాచర్ల కెప్టెన్ దగ్గరికి వచ్చి వంగి, "ఏందే, ఆడరా?" అంది. "ఆడం" అన్నాను. ఆ అమ్మాయి ఆ మోకాలు చూసి, వాళ్ళ బెంచీకి పోయి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. ఆ రోజు ఆ ఆవరణలో మనిషి చేసే పని చేసింది ఆమె ఒక్కతే.

రిఫరీ లేవమని చెప్పి, కాసేపు చూసి, మాచర్ల గెలిచినట్టు ప్రకటించాడు. నాయకుడికి అసలేం జరిగిందో అర్థం కాలేదు. ఆట అయిపోయిందనుకుని లేచి, మాకూ మాచర్లకూ కలిపి చప్పట్లు కొట్టి, శాలువా కప్పించుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు తల్లిదండ్రుల్ని పిలిపించారు. కరస్పాండెంట్ గారు కుర్చీలో వెనక్కి వాలి, "మేము క్రమశిక్షణ నేర్పితే, మీ పిల్లలు ధర్నాలు నేర్చుకున్నారు" అన్నాడు. మా నాన్న ఏదో ఒకటి అంటాడని నేను ఎదురుచూశాను. షాపులో బేరమాడే వాళ్ళతో అంత పెడసరంగా మాట్లాడే మనిషి, అక్కడ చేతులు జోడించి, "చిన్నపిల్ల, తెలవక చేసింది, ఈసారికి వదిలెయ్యండి సార్" అన్నాడు. చానా రోజులు నేను ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి, హాల్ టికెట్టు వాళ్ళ చేతిలో ఉంది, అది ఆయనకు తెలుసు. అయినా ఆ జోడించిన చేతులు నాకు ఇప్పటికీ గిట్టవు.

బెల్లంకొండ పిల్ల కోసం వాళ్ళమ్మ వచ్చింది. ఆమె దణ్ణం పెట్టలేదు, తిట్టలేదు. "కాలు చూపించారా?" అని మాత్రం అడిగింది. ట్రంకుపెట్టె ఒక చేత్తో, కూతుర్ని ఒక చేత్తో పట్టుకుని గేటు దాటింది. మమ్మల్ని క్లాసుల్లోంచి బయటికి రానివ్వలేదు. కిటికీలోంచి చూశాను. పరీక్షలు వాళ్ళ ఊరి నుంచే రాసింది. మోకాలి లోపల నరం తెగిందని గుంటూరులో చెప్పారట, ఆపరేషన్ చేయించుకోవడానికి వీలు పడలేదు. ఇప్పటికీ మెట్లు పక్కకు తిరిగి దిగుతుంది.

ఆమె ఇప్పుడు బెల్లంకొండలో విత్తనాలు, పురుగుమందుల షాపు నడుపుతోంది. మీసాలు తిప్పే రైతులు, కంపెనీల ఏజెంట్లు కౌంటరు ముందు గుమిగూడి ఉంటే, "ఒరేయ్, వరసలో రండి, ఎవరిది ముందైతే వాళ్ళదే" అని కేకేస్తుంది. వింటారు. నేను లా చదివి నరసరావుపేట కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను.

ఈ మధ్య ఆ స్కూలు వాళ్ళు ఫోన్ చేశారు. "ఆటతో వ్యక్తిత్వం" అని సభ పెడుతున్నారట, పూర్వ విద్యార్థినిగా వచ్చి మాట్లాడమన్నారు. బెల్లంకొండకు ఫోన్ చేసి నువ్వు కూడా రా అని అడిగాను.

"నాకు లోడు వచ్చిద్ది. నువ్వు పో."

"పోయి ఏం చెప్పను?"

"జరిగింది చెప్పు. ఏముందే అందులో."

వెళ్ళాను. కరస్పాండెంట్ గారికి జుట్టు తెల్లబడి, మళ్ళీ నల్లబడింది. కోచ్ ఇప్పుడు స్పోర్ట్స్ డైరెక్టర్, మెడలో విజిల్ బదులు ఐడీ కార్డు. నన్ను పరిచయం చేస్తూ, ఈ ప్రాంగణంలో నేర్చుకున్న నాయకత్వ లక్షణాలే నన్ను న్యాయవాదిని చేశాయని చెప్పారు. నేను మైకు తీసుకుని జరిగినదంతా చెప్పాను. స్ప్రే, సాగే గుడ్డ, జెర్సీ పట్టి లాగడం, "నటించమాక" అన్న మాట, కాలు చూపించారా అని ఆ తల్లి అడిగిన ప్రశ్న. ఎవరి వైపూ వేలు చూపించలేదు, అవసరం లేదు, ఇద్దరూ వేదిక మీదే ఉన్నారు. బంతి ఆడటం తప్ప ఈ స్కూలు మాకేమీ నేర్పలేదని, ఆ రోజు మేము చేసినది ఇక్కడ ఎవరూ నేర్పినది కాదని చెప్పి కూర్చున్నాను.

వెనక వరసల్లో జెర్సీలు వేసుకున్న ఆడపిల్లలు కదలకుండా చూస్తున్నారు. కరస్పాండెంట్ గారు మెల్లగా లేచి మైకు దగ్గరికి వచ్చాడు. ఆయన మొహంలో సిగ్గు కోసం వెతికాను. కళ్ళు తడిగా ఉన్నాయి.

"చూశారా," అన్నాడు తల్లిదండ్రులతో. "తప్పును తప్పని చెప్పే ధైర్యం. మా గురువుల ముందే, మా వేదిక మీదే. ఇదండీ మేము నేర్పేది."

చప్పట్లు మోగాయి. కోచ్ అందరికంటే ఎక్కువసేపు కొట్టాడు. నాకు శాలువా కప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాను. అది వినయం అనుకుని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చి స్కూటీ స్టాండు తీస్తూ బెల్లంకొండకు ఫోన్ చేశాను. ఆయన అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను. అవతల లారీ దించుతున్న చప్పుడు వినపడుతోంది.

"అట్టా అన్నాడా?" అంది.

"అన్నాడు."

ఆమె ఎవరినో, "ఆ బస్తాలు తడి నేల మీద పెట్టమాకయ్యా" అని కేకేసి, "వాడి మొహం గురించి మనకెందుకులే, ఆదివారం వస్తావా? అమ్మ గోంగూర నూరింది" అని అడిగింది.

వస్తానన్నాను.