చాట అడ్డం పెట్టుకున్న పిల్ల

మా ఇంట్లో టీవీ ముందుగదిలో ఉంటుంది, గడప దాటగానే కనబడేటట్టు. మధ్యాహ్నం వంటపని ముగిశాక వాడకట్టు ఆడవాళ్ళు చాటలు చంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. కందిపప్పు చెరుగుతూ, రాళ్ళు ఏరుతూ టీవీ చూడడం బీదర్ జిల్లాలోని మా ఊరు మన్నళ్ళిలో మాకందరికీ అలవాటు. రాయి ఏదో పప్పు ఏదో వేళ్ళకే తెలుస్తుంది, కళ్ళతో పని లేదు. కాబట్టి కళ్ళన్నీ టీవీ మీదే.

పిల్లలకు బడిలో కన్నడం. బీదర్ బజారుకు పోతే ఉర్దూ. ఇంట్లో మా తెలుగు. టీవీలో వచ్చేది మాత్రం వేరే తెలుగు, ఇస్త్రీ చేసి మడత పెట్టిన తెలుగు. అందులో మాట్లాడేవాళ్ళెవరూ మావాళ్ళలా ఉండరు. అందుకేనేమో, అందులో చూపించే పాపాలు కూడా మా దగ్గర జరగవని అందరికీ నమ్మకం. అవి హైదరాబాదులో జరుగుతాయి, ఢిల్లీలో జరుగుతాయి. వాటికి కాసేపు ఏడ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, పప్పు మూట కట్టుకుని ఇళ్ళకు పోతే సరిపోతుంది.

అందరికన్నా ఎక్కువ ఏడ్చేది నా తోటికోడలు, మా మరిది భార్య. మా పక్క వాటాలోనే కాపురం. ఒకసారి ఎక్కడో పసిపిల్లకు సొంతవాళ్ళే వాతలు పెట్టారని వార్త వస్తే, ఆ పూట ముద్ద మింగలేకపోయింది. "వాని చేతులు ఇరిగిపోను, వాని ఇల్లు కూలిపోను" అని టీవీని పట్టుకుని శాపనార్థాలు పెట్టింది. మనసు మెత్తనిది. ఆ మాట ఇప్పటికీ అంటాను. లేనిది ఎందుకు చెప్పాలి?

ఆమెకు ఒక్కతే కూతురు. నన్ను పెద్దమ్మా అని పిలుస్తూ నా కొంగు పట్టుకునే పెరిగింది. ఊరి బడిలో ఐదో తరగతి అయిపోయింది. ఎండాకాలం సెలవులు గడిచాక బీదర్‌లో మేనమామ ఇంట్లో ఉండి ఇంగ్లీషు బడికి పోవాలని అందరూ అనుకున్నారు. ఆ మేనమామ అంటే నా తోటికోడలి సొంత తమ్ముడు. బీదర్‌లో బట్టల దుకాణం, పెళ్ళయింది, ఇంట్లో భార్య ఉంది. పిల్లకు ఏ లోటూ ఉండదన్నారు. అతనే ముందుగా కొత్త బడిసంచి తెచ్చి ఇచ్చి పోయాడు. అది వాళ్ళ వాటాలో మేకుకు వేలాడుతుండేది.

మా వైపు ఒక పద్ధతి ఉంది. అక్క బిడ్డ అంటే తమ్ముడికి పుట్టుకతోనే హక్కు. చేసుకున్నా చేసుకోకపోయినా, పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచి 'మామ పెండ్లామా' అనే పిలుపు. అతనికి పెళ్ళయిపోయినా ఆ మజాకు ఆగదు, 'మీ అత్తకు సవతివి' అని ఇంకో రకంగా మొదలవుతుంది. మామ పిల్ల బుగ్గ గిల్లుతాడు, ఎత్తుకుంటాడు, పిల్ల పెనుగులాడుతుంది, పిల్ల పెనుగులాడిన కొద్దీ చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. మా అత్తమ్మ అయితే కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వేది. పిల్ల ఏడిస్తే సిగ్గుపడుతోందని అనేవాళ్ళు. పరిగెత్తి దాక్కుంటే, "పెద్దదైతాంది, తెలివొస్తాంది" అనేవాళ్ళు. ఇదంతా పట్టపగలు, నడింట్లో, అందరి ముందే.

ఆ ఎండాకాలంలోనే టీవీలో ఆ ప్రోగ్రాం వచ్చింది. పిల్లల డాక్టరమ్మ ఒకామె గుడ్డబొమ్మను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఒంటి మీద ఎక్కడెక్కడ ఎవరూ చెయ్యి వేయకూడదో ఆ బొమ్మ మీద చూపించింది. మా గదిలో చాటల చప్పుడు ఆగిపోయింది.

"ఛీ, ఛానల్ మార్చక్కా. పిల్లలున్నరు" అంది ఎదురింటామె.

"పిల్లల కోసమే చెప్తాంది కదనే, ఉండనీ" అన్నాను.

డాక్టరమ్మ చెబుతూనే ఉంది. అలా చేసేవాళ్ళు చాలాసార్లు ఇంటికి వచ్చే చుట్టాలే అయ్యుంటారంది. పిల్లలు నమ్మిన పెద్దవాళ్ళకు చెప్పాలంది. కింద ఏదో ఫోను నంబరు పోతోంది. నా తోటికోడలు అప్పటికే ముక్కు చీదుతోంది, "ఎవల కన్నబిడ్డలో, అయ్యో" అని.

అప్పుడు నా పక్కన కూర్చున్న పిల్ల అంది, "మామ గట్లనే చేస్తడు పెద్దమ్మా."

మెల్లగానే అంది గానీ అందరికీ వినబడింది. మా అత్తమ్మ పకపకా నవ్వింది.

"మామ గాకపోతే ఎవడు చేస్తడే పిచ్చిదానా? మామకు హక్కుంటది."

"రేపు గాయన్నే చేసుకుంటనంటవు, జూడు" అని ఎదురింటామె.

"మీ అత్తతోని జుట్టు జుట్టు పట్టుకుంటవా ఏందే?" అని ఇంకొకామె.

గదంతా నవ్వు. తల్లి కూడా, చెంపల మీద తడి ఆరక ముందే నవ్వింది. పిల్ల మాత్రం నవ్వలేదు. ముందున్న చాటలో పప్పు కింద పోసేసి, ఖాళీ చాటను రొమ్ముకు అడ్డం పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది. ఎండకు గొడుగు పట్టుకున్నట్టు కాదు, కుక్క మీదికి వస్తుంటే ఏది దొరికితే అది అడ్డం పెట్టుకున్నట్టు.

సాయంత్రం బర్రెకు గడ్డి వేస్తూ దాన్ని కొట్టంలోకి పిలిచాను. ఏమీ అడగకుండా గడ్డి మోపు విప్పమన్నాను. విప్పుతూ విప్పుతూ అదే చెప్పింది. అందరి ముందూ చేసే మజాకు వేరు, ఎవరూ లేనప్పుడు చేసేది వేరు. ఏం చేసేవాడో ఇక్కడ రాయను. ఆ పిల్ల ఒక్కసారి చెప్పింది, అది చాలు.

"మరి అమ్మకెందుకు చెప్పలేదు బిడ్డా?"

"చెప్పిన. మామ మీద చాడీలు చెప్తవా అని కొట్టింది." మళ్ళీ కాసేపటికి, "గా బొమ్మను జూపిచ్చినంక తెలిసింది పెద్దమ్మా, నాది తప్పు గాదని" అంది.

అంతవరకూ తప్పు తనదే అనుకుంది ఆ పసిది. మేమంతా ఇంట్లో ఉండి చెప్పలేని మాట, ముక్కూ మొహం తెలియని ఒక డాక్టరమ్మ టీవీలోంచి చెప్పిపోయింది.

మరునాడు పొయ్యి దగ్గర నా తోటికోడలికి అంతా చెప్పాను. జొన్నరొట్టె తడుతున్న చెయ్యి ఆగలేదు.

"అక్కా, టీవీల జూసిందంత తెచ్చి ఇంట్ల ఎతుకుతవా?"

"నేను ఎతుకలేదే. పిల్ల చెప్పింది."

"పిల్లకేం తెలుసు? గా బొమ్మను జూసింది, గదే అంటాంది. నా తమ్ముడు దాన్ని ఉయ్యాలల ఊపిండు. నా తల్లిగారింటికి గీ ఒక్క దారే మిగిలింది, దాని మీద గూడ ముండ్లు గొడ్తవా?"

"సర్లే. పిల్లను బీదర్ పంపకు. గదొక్కటి చాలు."

రొట్టె పెనం మీద మాడింది. అప్పుడు గానీ ఆమె తల ఎత్తలేదు. "ఎదిగే పిల్ల సదువు ఖరాబ్ చెయ్యకక్కా, నీ కాళ్ళు మొక్కుత" అంది.

మరిదిని పట్టుకున్నాను. టీవీలో నంబరు ఇస్తున్నారు, ఫోను చెయ్యమన్నాను. అతను బీడీ ఆర్పాడు.

"వదినా, ఫోన్ జేస్తె పోలీసు జీపొస్తది. గా జీపు బీదర్ల ఆగదు, మన వాకిట్ల ఆగుతది. ఊరంత సూస్తది. మన పిల్లకు రేపు పెండ్లి గావాలె గద? ఇజ్జత్ పోతది."

"పోయేటోనిది పోనీ, మనదెందుకు పోతది?"

అతను ఇంకో బీడీ తీశాడు. పంపించేది ఖాయమని మాత్రం అర్థమయింది. పిల్ల మా ఇంట్లోనే పడుకోవడం మొదలుపెట్టింది, మేకుకున్న సంచి తన కంట పడకుండా.

బడి తెరిచే రోజులు వచ్చాయి. మేనమామ కారు మాట్లాడుకుని పిల్లను తీసుకుపోవడానికి వచ్చాడు. వచ్చిన చుట్టాన్ని మా ముందుగదిలోనే కూర్చోబెట్టడం ఆనవాయితీ. అది చాటల వేళ. ఆడవాళ్ళంతా ఉన్నారు. టీవీ నడుస్తోంది. చాయ ఇచ్చాను. పిల్ల నా వెనకాల కూర్చుంది, చాట అడ్డం పెట్టుకుని.

టీవీలో మళ్ళీ అలాంటి వార్తే. ఎక్కడో ఒక ఊళ్ళో చిన్నపిల్లను పాడుచేసినవాణ్ణి పట్టుకున్నారు. ముఖానికి గుడ్డ కప్పి తీసుకుపోతున్నారు. మేనమామ సాసరులో చాయ పోసుకుంటూ తల ఊపాడు.

"గిసొంటోళ్ళను నడి బజార్ల ఉరి తియ్యాలె అక్కా. కోర్టు గీర్టు ఎందుకు?"

"అవు తమ్మీ, కోసి కారం పెట్టాలె" అంది ఎదురింటామె.

నా వెనక నుంచి పిల్ల లేచి నిలబడింది.

"నువ్వు గూడ గట్లనే చేస్తవ్ గద మామా. గుడ్డ ఎందుకు కప్పుకోలే?"

మా అత్తమ్మ నవ్వింది. అలవాటు కొద్దీ నవ్వింది పాపం, ఎవరో ఒకరు అందుకుంటారని. ఎవరూ అందుకోలేదు. ఆమె నవ్వు ఒంటరిదై మధ్యలో ఆగిపోయింది. అందరం అతని వైపు చూశాం. ఇలాంటి మాటకు అతని దగ్గర ఎప్పుడూ ఒక జవాబు ఉండేది, 'నా పెండ్లానికి కోపమొచ్చిందే' అనో, ఇంకేదో. ఆ పూట మజాకు నోట రాలేదు. సాసరు ఒరిగి చాయ ప్యాంటు మీద ఒలికింది.

"గా టీవీ బంద్ జెయ్యుండ్రి. పిల్లలను ఖరాబ్ చేస్తాంది" అన్నాడు. పిల్ల వైపు చూడలేదు.

గడపలో నిలబడ్డ నా మరిది చూశాడు. నా తోటికోడలు కూడా చూసింది. ఆమె చూపు చాయ మరక మీద పడి, తమ్ముడి మొహం దాకా పోయి, మళ్ళీ నేలకు దిగింది. నేను ఆమెనే చూస్తున్నాను కాబట్టి ఆ సంగతి నాకు తెలుసు.

మరిది గడప దాటి లోపలికి వచ్చాడు. "బామ్మర్దీ, ఈ యేడు పిల్లను పంపిస్తలేను. మా అమ్మకు మోకాళ్ళు నొస్తున్నయి, ఇంట్ల పనికి మనిషి లేదు."

ఒక అబద్ధం ఆడి పిల్లను కాపాడుకున్నాం. నిజం చెప్పి కాపాడుకునే ధైర్యం ఆ గదిలో పదకొండేళ్ళ పిల్లకు తప్ప ఎవరికీ లేదు. అతన్ని మర్యాదగానే సాగనంపాం. రొట్టెలు, పల్లీల పొడి మూట కట్టి ఇచ్చింది అతని అక్క. బొట్టు పెట్టి, తువ్వాలు భుజాన వేసింది. కారు కదిలేదాకా మరిది చెయ్యి ఊపాడు. కొత్త సంచిలో ఆ యేడు విత్తనం పల్లీలు పోశారు.

తర్వాత మా ఇంటికి చాటలు రావడం తగ్గింది. ఒకామె మానితే ఇంకొకామె మానింది. 'టీవీలు జూపిచ్చి పిల్ల నోరు పెంచింది' అని నా మీద మాట. అందరూ ఎదురింట్లో చేరారు. ఆ ఇంట్లోనూ అవే వార్తలు. ఏ పిల్ల కోసమో వాళ్ళు అయ్యో అయ్యో అనడం సందు ఇవతలికి నాకు వినబడేది. మా పిల్ల మాత్రం వాళ్ళ ముందు నుంచే ఊరి కన్నడ బడికి నడిచి పోయేది. దాన్ని చూసి ఒక్కరు అయ్యో అనలేదు. "గదే, మామను అందరి ముందర అన్న పిల్ల" అనేవాళ్ళు.

పిల్ల పెద్దమనిషి అయినప్పుడు మేనమామ చీర పెట్టాలి కదా, అతను మళ్ళీ వచ్చాడు. పట్టుచీర తెచ్చాడు. పిల్ల నా గదిలో గొళ్ళెం పెట్టుకుని బయటికి రానంది. నా తోటికోడలు తమ్ముడి చేతిలోంచి చీర అందుకుని, తలుపు దాకా వచ్చింది. తడుతుందనుకున్నాను. తట్టలేదు. కాసేపు అలాగే నిలబడి, వెనక్కి పోయి చీరను పెట్టెలో వేసి, "పిల్లకు జరమొచ్చింది" అని అందరికీ చెప్పింది. తర్వాత నాకొక్కదానికి గొళ్ళెం తీస్తే, లోపలికి పోయి పిల్లకు నా పాత చీర కట్టాను. దానికి కావలసింది చీర కాదని నాకు తెలుసు. తలుపు అవతల నుంచి తల్లి ఒక్క మాట అంటుందని అది అంతసేపూ చెవి తలుపుకు ఆనించి కూర్చుంది.

ఇప్పుడది పెద్దదయింది. హుమ్నాబాద్‌లో ఉండి నర్సు చదువు చదువుతోంది. సెలవులకు వస్తే సంచి మా ఇంట్లోనే దించుతుంది. అతను ఇప్పటికీ పండుగలకు అక్క ఇంటికి వస్తాడు, పీట వేస్తారు. ఆ రోజుల్లో పిల్ల ఊరికి రాదు.

మొన్న వచ్చినప్పుడు పప్పు ఏరుతుంటే పక్కన కూర్చుంది. టీవీలో బడిపిల్లలకు ఒక టీచరమ్మ అదే పాఠం చెబుతోంది. గుడ్డబొమ్మ కాదు, ఇప్పుడు రంగు రంగుల బొమ్మలు. చూసి చూసి అడిగింది.

"అమ్మ ఇప్పటికి గూడ గిసొంటివి జూస్తదా పెద్దమ్మా?"

"జూడదు."

"ఏడుస్తుండె గద, బగ్గ."

"ఇప్పుడు ఏడ్వదు. గిసొంటి వార్త వస్తె లేసి బయటికి పోతది. వాకిట్ల గడంచ బల్ల మీద కూసుంటది, అయిపోయేదాక."

పిల్ల చేతిలో పప్పు అలాగే ఉంది. "గా సంగతి తనకు తెల్సని అమ్మ నీకెన్నడన్న చెప్పిందా?"

"లేదు బిడ్డా."

ఏరిన రాళ్ళను అరచేతిలోకి తీసుకుని, గడప దాకా పోయి బయటికి విసిరేసింది. పక్క వాటా వాకిట్లో వాళ్ళమ్మ గడంచ మీద కూర్చుని ఉంది. మా టీవీ చప్పుడు ఆమెకు వినబడుతూనే ఉంటుంది. కూతురిని చూసి, "చాయ తాగినవానె?" అని అడిగింది.

"తాగిన" అంది పిల్ల. లోపలికి వచ్చి, చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.