గుండె మీద చెయ్యి

కడప నుంచి మస్కట్ వెళ్లి నేను వంట చేసిన ఇంటి మేడం, ఒకప్పుడు ఇంగ్లండులో నాటకాల్లో, సినిమాల్లో గొప్ప పేరున్న నటి. మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే గుండె మీద చెయ్యి వేసుకుని, కళ్లు మూసుకుని, "ఇంత రుచి ఎక్కడా చూడలేదు" అనేది. నేను పొంగిపోయేదాన్ని.

ఒకరోజు పప్పులో ఉప్పు వెయ్యడం మరిచాను. అదే చెయ్యి, అదే మాట. ఆ తర్వాత ఆమె దగ్గినా నాకు అనుమానమే.

"నా కూతురి కాన్పుకు ఊరికి పోవాల మేడం. మల్లా వస్తే పని ఉంటాదా?" అని అడిగాను.

"నీ రూమ్ నీదే. నీకోసం ఎదురుచూస్తాను" అంటూ కన్నీళ్లు పెట్టుకుంది. నమ్మేదాన్నే. అంతలో చెయ్యి మెల్లగా గుండె మీదికి పోయింది.

అక్కడే ఉంచి వెళ్దామనుకున్న పోపుల డబ్బాను కూడా పెట్టెలో సర్దుకున్నాను.