కానుగ మానులో ఇనుప తీగ

మా చెల్లి డెంగ్యూతో చనిపోయిన ఏడాది, నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్లలో ఒకామె మా చెట్టును చంపింది. ఆమెను నేను ఇప్పటికీ క్షమించలేదు. క్షమించాలనీ అనుకోవడం లేదు.

అప్పట్లో ఢిల్లీ అంతా మెట్రో కోసం తవ్వుతున్నారు. మునిర్కాలో కింది వాటాలో అద్దెకుండేవాళ్లం. చెల్లి ఆస్పత్రిలో నర్సు. నేను స్కూల్లో బోటనీ చెప్పేదాన్ని. గేటు పక్కన కానుగ మొక్క మణికట్టంత లావు ఉన్నప్పుడు చెల్లి దాని చుట్టూ ఇనుప తీగ బిగించి, రెండో కొస గోడ మేకుకు కట్టింది. ఆమె నాకంటే పొడుగు. ఆ తీగ మీద బట్టలారెయ్యాలంటే నాకు స్టూలు కావాల్సి వచ్చేది.

"మాను లావెక్కుతుందే. తీగ కోసుకుపోతుంది. కింద రబ్బరు ముక్కైనా పెట్టు" అన్నాను.

"నీ చెట్టేం చచ్చిపోదులే అక్కా. రేపు డ్యూటీకి నా యూనిఫాం ఆరాలి, అది చూడు."

చావలేదు. బెరడు కింద తడిగా, చాలా పలచగా ఒక పొర ఉంటుంది. అది లోపలికి కలపను, బయటికి బెరడును చేర్చుకుంటూ పోతుంది. మాను లావయ్యేది దానివల్లే. ఎత్తు పెరిగేది మాత్రం కొమ్మల చివర్లలో. అందుకే చెట్టు మేడ దాటినా తీగ పైకి పోలేదు. చెల్లి చెయ్యి అందేంత ఎత్తులోనే ఉండిపోయింది. మాను ఉబ్బి దాన్ని మింగుతూ వచ్చింది. చెల్లి పోయేనాటికి ముడి మాత్రమే బయటికి కనిపించేది.

మా చర్చిలో గుంటూరు వైపు పెద్దావిడ ఒకామె ఉండేది. అందరికీ ఆంటీ. ఆదివారం ప్రార్థన అయ్యాక మా ఇంటికి వచ్చేది. ఒకరోజు నేను స్టూలెక్కి ఆ ముడి పట్టుకుని నిలబడి ఉండగా చూసింది.

"ఎన్నాళ్లమ్మా ఇట్టా? చెట్టుకి దెబ్బ తగిలితే మానట్లా? బోటనీ టీచరువి, నీకు నేను చెప్పాలా?"

"చెట్టుకి దెబ్బ మానదు ఆంటీ. చుట్టూ కొత్త కలప పెరిగి కప్పేస్తుంది. లోపల దెబ్బ అట్లాగే ఉంటుంది."

"అచ్ఛా, పాఠం మొదలెట్టావా?" అని నవ్వింది.

తర్వాతి వారం స్కూలు నుంచి వచ్చేసరికి ఆమె గేటు దగ్గర ఉంది. పక్కన పటకారుతో ఒక మనిషి. అప్పటికే ముడి తెంచి, మానులో కూరుకుపోయిన తీగను బలవంతంగా లాగేశారు. దాని మీద మూసుకున్న బెరడంతా ఊడి వచ్చింది. మాను చుట్టూ అరచేతి వెడల్పున తెల్లటి కలప బయటపడింది.

"హో గయా దీదీ" అన్నాడతను, పనైపోయిందని.

"అది కనపడ్డప్పుడల్లా ఏడుస్తన్నావని తీయించేశా" అంది ఆంటీ.

"తీగేది?"

"పాత ఇనుము కొనే కబాడీ భయ్యాకి ఇచ్చేశా. తుప్పు పట్టిన ముక్కమ్మా అది!"

"అది మా చెల్లి కట్టింది. మీరు వెళ్లండి. మళ్లీ ఈ గేటు తియ్యొద్దు."

పై బెరడు నుంచి కింది బెరడుకు సన్నటి రెమ్మలు వంతెనల్లా అంటించి, మైనం రాసి, గుడ్డ చుట్టాను. ఒక్కటీ అతకలేదు. ఆకులు మాత్రం పచ్చగానే ఉన్నాయి. నీళ్లు పైకెక్కేది కలపలోంచి, దానికేమీ కాలేదు. ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగేది బెరడులోంచి. ఆ దారి తెగింది. పైన పచ్చగా ఉండగానే వేళ్లు ఆకలితో చస్తాయి. ఆంటీ మాత్రం చర్చిలో అందరికీ చెప్పింది: "చెట్టు బానే ఉంది. ఆ పిల్లదే మొండితనం."

ఎండలు ముదిరేముందు వీధిలో కానుగలన్నీ ఆకు రాల్చి చిగురు వేశాయి. మాది రాల్చింది, అంతే.

ఆంటీ వచ్చింది. గేటు బయటే నిలబడి మోడును ఎగాదిగా చూసింది.

"నీళ్లు పోయట్లేదా అమ్మా?"

పోశాను, రోజూ. గేటుకు గొళ్లెం పెట్టి, చెట్టు కిందున్న స్టూలు తీసుకుని లోపలికి వచ్చేశాను.