రిమోట్ అన్న మాట వంతు

ఆ నిఘంటువు ఆఫీసులో ఆమెను అందరూ కార్డులమ్మ అనేవారు. పాతికేళ్ళుగా ఆమెది ఒకటే పని. ఇంగ్లీషు మాట ఒక్కోటీ ఒక్కో అట్టకార్డు మీద రాసి, తెలుగు అర్థం, మాట పుట్టుక, ఒక ఉదాహరణ చేర్చి సొరుగులో పెట్టడం. ఎడిటరుగారు తప్ప ఆ గదికి వచ్చేవాళ్ళు తక్కువ. మధ్యాహ్నం డబ్బా విప్పుకుని కిటికీవైపు తిరిగి ఒక్కతే తినేది.

"ఇన్ని మాటలు తెలిసినదానివి, నోరు విప్పి ఒక్కటీ మాట్లాడవేంటమ్మా?" అని టీ తెచ్చే ఆయన ఆటపట్టించేవాడు. ఆమె నవ్వి గ్లాసు అందుకునేది.

ఒకరోజు 'రిమోట్' అన్న మాట వంతు వచ్చింది. "దూరంగా ఉన్న, మారుమూల" అని చకచకా రాసి పంపేసింది. సాయంత్రానికల్లా కార్డు తిరిగొచ్చింది.

"పుట్టుక ఏదమ్మా? రిమోట్ అంటే టీవీ మార్చేదని మా మనవరాలూ చెప్తుంది. నువ్వూ పైపై అర్థం దగ్గరే ఆగిపోతే ఎలా?" అన్నారు ఎడిటరుగారు.

లావుపాటి పుస్తకాలు దించింది. లాటిన్ నుంచి వచ్చిన మాట. 'రి' అంటే వెనక్కి, మిగతాది కదపడం. వెనక్కి జరిపినది, తీసి పక్కన పెట్టినది అని అసలు అర్థం. దూరం అన్న అర్థం అందులోంచే వచ్చింది.

రాస్తున్న చెయ్యి ఆగిపోయింది. దూరంగా ఉన్నది మొదట్నుంచీ అక్కడ లేదన్నమాట. ఎవరో జరిపారు.

చెల్లెలు గుర్తొచ్చింది. అదే ఊళ్ళో, రెండు బస్సులు మారితే ఇల్లు. తల్లి పోయాక, ఆఖరి రోజుల్లో ఎవరెంత చూశారన్న దగ్గర మాటా మాటా పెరిగింది. "వాళ్ళే నన్ను దూరం పెట్టారు" అని పదకొండేళ్ళుగా తనకు తనే చెప్పుకుంటూ వచ్చింది. నిజానికి చెల్లెలు రెండుసార్లు కబురు పెట్టింది. ఒకసారి తనే వచ్చి తలుపు కొట్టింది. ఈమె లోపలే ఉండి పలకలేదు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరింది. తలుపు తీసిన అమ్మాయి "ఎవరు కావాలండీ?" అంది. మీ పెద్దమ్మనే అనబోయి, మాట మార్చింది.

"మీ అమ్మ ఉందా?"

చెల్లెలు వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. జుట్టు సగం నెరిసింది. "ఏంటక్కా, దారి తప్పావా?"

"లేదే. ఆ రోజు నువ్వొచ్చినప్పుడు ఇంట్లోనే ఉన్నాను."

"తెలుసు. లోపల రేడియో మోగుతూనే ఉందిగా."

ఆ తర్వాత లోపల కూర్చుని ఏవో మాటలు. మోకాళ్ళ నొప్పులు, పిల్ల చదువు. గంటకల్లా లేచింది. చెల్లెలు ఉండమనలేదు. అయినా బస్సు దాకా నడిచొచ్చింది.

"ఈసారి వచ్చేముందు ఫోన్ చెయ్యి."

అది రమ్మనడమో, చెప్పకుండా రావద్దనడమో ఆమెకు అంతుపట్టలేదు. రెండు వారాలు ఫోన్ తీయడం, పెట్టేయడం. మూడో ఆదివారం గుండె దిటవు చేసుకుని చేసింది.

"రా" అంది చెల్లెలు. అంతే.

నెలకోసారి వెళ్తోంది. మునుపటి చనువు రాలేదు, వస్తుందన్న ఆశా పెద్దగా లేదు. పిల్ల మాత్రం పెద్దమ్మా అని పిలుస్తోంది. అక్కణ్ణుంచి వచ్చి తన ఇంటి తాళం తీసినప్పుడు, ఇన్నాళ్ళూ అలవాటైపోయిందనుకున్న నిశ్శబ్దానికి ఆమెకు కొత్తగా భయం వేస్తుంది.