ఈరమ్మ కీళ్లవాతం

కరోనా రెండో దఫా సద్దుమణిగాక నన్ను ఆదోని ప్రభుత్వ ఆసుపత్రికి సివిల్ సర్జనుగా బదిలీ చేశారు. హోదా పేరులో సర్జన్ అని ఉన్నా నేను కత్తి పట్టే డాక్టరును కాను. జనరల్ మెడిసిన్ నా విభాగం. పదవీ విరమణకు ముందు అదే నా చివరి పోస్టింగు.

పత్తి తీతలు మొదలైన రోజుల్లో నందవరం దగ్గరి ఒక పల్లె నుంచి నర్సప్ప అనే కూలీ తన భార్య ఈరమ్మను ఓపీకి తీసుకువచ్చాడు. ఆమెకు ముప్పై దాటి ఉంటాయి. రెండు చేతుల వేళ్ల కణుపులూ మణికట్లూ ఒకే తీరుగా వాచి ఉన్నాయి.

"పొద్దున లేస్తే చేతులు ముడుసుకోని ఉంటాయి సార్. ఎండెక్కినాక గానీ సాగవు. రొట్టె తట్టనీకి రాదు," అంది.

వయసు మీద వచ్చే కీళ్ల అరుగుదల ఇలా ఉండదు. పొద్దుటి పూట బిగుతు, రెండు పక్కలా సమానమైన వాపు కీళ్లవాతానికి గుర్తులు. ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత కీళ్ల మీదే దాడి చేసే జబ్బు అది. రక్తాన్ని యాంటీ సీసీపీ అనే పరీక్షకు కర్నూలు పంపించాను. అనుమానం నిజమైంది.

రోగి చేసే పని ఏమిటో అడగడం మా విధి. నర్సప్ప చుట్టుపక్కల పత్తి చేలకు పురుగుమందు కొట్టేవాడు. డ్రమ్ములో మందు కలిపేది ఈరమ్మ. తడిసిన అతని బట్టలు ఉతికేదీ ఆమే. చేతులకు తొడుగులన్న మాటే లేదు.

ఇవన్నీ చెబుతూ చెబుతూ అతను ఆగిపోయాడు. "నేను కొట్టే మందే దీనికి పట్టుకున్నాదా సార్?" అన్నాడు.

ఒక మనిషి విషయంలో ఫలానాదే కారణమని తేల్చే పరీక్ష లేదని చెప్పాను. వంశంలో ఉండవచ్చు, పొగ కావచ్చు, దుమ్ము కావచ్చు. పురుగుమందులతో మెలిగేవాళ్లలో ఈ జబ్బు ముప్పు పెరగవచ్చని మాత్రం వైద్యులు అనుమానిస్తున్నారని అన్నాను. మెథోట్రెక్సేట్ మాత్ర వారానికి ఒక్కసారే వేసుకోవాలని, నెలనెలా రక్తపరీక్షకు రావాలని, తగ్గినట్టనిపించినా మానకూడదని కూడా చెప్పాను. నర్సప్ప తల ఊపాడు.

కొన్ని నెలల్లో వాపు దిగింది. ఆ తరువాత వాళ్లు రాలేదు. ఆ పల్లెలు సగం ఖాళీ అయ్యే కాలమది. సుగ్గికని, అంటే కోతల కాలపు వలస కూలికి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతారు.

ఉగాది దాటాక వచ్చినప్పుడు ఈరమ్మ వేళ్లు చిటికెన వేలి వైపుకు ఒరిగిపోయి ఉన్నాయి. మాత్రలు ఎప్పుడు ఆపారని అడిగాను.

"మందు కొట్టేది ఇడిసిపెడితి గదా సార్," అన్నాడు నర్సప్ప. "పంపు గూడా అమ్మేస్తి. ఇంగ జబ్బు యాడిది అనుకుంటి. దీనికీ బాగనే ఉండె. మాత్రలు వద్దులేమ్మే అని నేనే సెప్తి."

భార్య కోసం చేయగలిగిందంతా చేశాననే అతను నమ్మాడు.

మళ్లీ మాత్రలు మొదలుపెట్టాం. నొప్పి తగ్గింది. ఒరిగిన వేళ్లు మాత్రం మాత్రలతో నిలబడవు. "బిడ్డకు జడేయనీకి రాదు సార్. ఆయప్పే ఏస్తాడు," అని ఈరమ్మ తల వంచుకుంది. నర్సప్ప కిటికీ వైపు తిరిగి, "బిడ్డకు గూడా వస్తాదా సార్?" అని అడిగాడు. ఎవరూ చెప్పలేరనీ, మందు వాసన ఇంటికి రాకుండా చేసినందువల్ల ఆ పిల్లకు మేలేననీ అన్నాను. అది నిజమే. ఈరమ్మకు పనికివచ్చే నిజం కాదు.

కారణమనుకున్నదాన్ని దూరం పెట్టడం ఇంకా జబ్బు రానివాళ్ల కోసం. మాత్రలు వచ్చినవాళ్ల కోసం. డాక్టరుకు ఈ తేడా తెలుసు, రోగికి తెలియాలని లేదు. మిగిలిన సర్వీసులో ఈ రెండు మాటలూ ఒకే రోజు చెప్పడం మానేశాను. మొదటి రోజు మాత్రల గురించే, రోగి చేతా తోడు వచ్చినవాళ్ల చేతా తిరిగి చెప్పించుకునేదాకా. తన వల్లే భార్యకు జబ్బు వచ్చిందని కుమిలిపోతున్న మనిషికి ఆ పూట ఇంకే మాటా వినపడదు.