బూట్లు విప్పి హోలీ ఐలాండ్‌కి

పోయినేడు నేను బురదలో కూలబడిన కథ కోవెంట్రీ, నార్తాంప్టన్‌లలో తెలియని తెలుగువాళ్ళు లేరు. చాటింపు వేసింది మా ఆయనే. ఆటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గితే, ఇంగ్లండు ఈశాన్య తీరంలోని హోలీ ఐలాండ్ దీవికి మూడు మైళ్ళు ఇసుక మీద నడిచి వెళ్ళొచ్చు. ఆ సరదాతో వెళ్ళి, పావు మైలు నడవకముందే నా కొత్త రబ్బరు బూట్లు రెండూ బురదకి అప్పగించి వెనక్కొచ్చాను. ఉగాది ఫంక్షన్లో ఆయన మైకు పట్టుకుని, నేను పడ్డ తీరు అభినయించి మరీ చెప్పారు. హాలంతా పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వేశాను.

"నవ్విన నాపచేనే పండుతుందండీ. ఈ ఏడు నడిచి తీరతాను," అన్నాను ఇంటికొచ్చాక. 2016 ఆగస్టులో నా హాస్పిటల్ డ్యూటీల పట్టికలో రెండు రోజులు ఖాళీ దొరకగానే టికెట్లు తీసేశాను.

శుక్రవారం ఉదయం పదింటికి కోవెంట్రీలో రైలెక్కి, బర్మింగ్‌హామ్‌లో బండి మారాం. డరమ్ దాటాక పులిహోర డబ్బా విప్పితే ఎదురు సీటు పెద్దాయన ముక్కు ఎగబీల్చాడు. మూతలో కాస్త పెట్టిచ్చాను. ఆయనది బెరిక్. దీవికి దగ్గరి స్టేషన్ అదే కాబట్టి మేం వెళ్ళేది కూడా అక్కడికే. "ఆటుపోట్ల పట్టికలో ఉన్న టైముకి చాలా ముందే ఒడ్డెక్కండి. దీవికెళ్ళే రోడ్డు కూడా పోటుకి మునిగేదే, ఏటా ఎవరిదో ఒక కారు మునుగుతుంది," అన్నాడు. మా ఆయన నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు.

మూడున్నరకి బెరిక్‌లో దిగి, స్టేషన్‌కి దగ్గర్లోనే ఓ ఇంట్లో బస చేశాం. మర్నాడు పొద్దున్న టిఫినుకి పొగబెట్టిన హెర్రింగ్ చేప పెట్టారు. అచ్చం మన ఎండు చేప ఘాటే. సంచిలోంచి కారప్పొడి తీసి చల్లుకుని ముల్లు మిగలకుండా తిన్నాను.

టాక్సీలో తొమ్మిదిన్నరకల్లా నడక మొదలయ్యే ఒడ్డు దగ్గరున్నాం. ఆటు ఇంకా తీస్తోంది. దారి చూపే కొయ్య స్తంభాలు వరసగా దీవి వైపు సాగిపోయాయి. నేను చెప్పులు విప్పి సంచిలో పెట్టి, సల్వార్ మోకాళ్ళ పైకి మడిచాను.

"గాజు పెంకులుంటాయే! చెప్తే వినవు," అన్నారు ఆయన, కొత్త బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

ఆయన రాజమండ్రి టౌనులో పెరిగిన మనిషి. మాది పాలకొల్లు దగ్గర పల్లె. చదువుకునే రోజుల్లో సెలవులొస్తే అమ్మతో నాట్లకి వెళ్ళినదాన్ని. పోయినేడు, ఇంగ్లండులో బురదంటే బూట్లే పద్ధతని నమ్మి నా కాళ్ళని నేనే అవమానించుకున్నాను.

మొదటి నీటిపాయ చల్లగా కోసేసింది. పోయినేడు కూలబడ్డ చోటు వచ్చింది. వేళ్ళు విప్పి, అడుగు పరిచి, తీసేటప్పుడు ముందు మడమ లేపాను. కాలు తేలిగ్గా వచ్చేసింది! అక్కణ్ణించి గట్టి ఇసుక. ఎక్కణ్ణించో మూలుగులు వినబడితే, "ఎవరో ఇరుక్కున్నారే!" అని ఆయన కంగారు పడ్డారు. దూరంగా ఇసుక దిబ్బ మీద పడుకున్న సీల్ జంతువులవి.

చివరి అర మైలు నల్ల బురద. అక్కడ ఆయన ఆగిపోయారు. లాగినకొద్దీ దిగబడుతున్నారు.

"ఏమేవ్, ఇలా రా."

"బూట్లు విప్పండి."

"నవ్వకు."

"నవ్వట్లేదండీ. మడమ ముందు లేపండి, వేళ్ళు తర్వాత."

ఆయన పాదాలు బూట్లలోంచి బయటికొచ్చాయి. బూట్లు నేనే పీకి, చేతికిచ్చాను. మిగతా దూరం నా భుజం పట్టుకుని, నా అడుగులో అడుగేసి నడిచారు.

పదకొండూ నలభైకి గడ్డి మీద కాలుపెట్టాను. గట్టిగా కేక వేశాను. ముందే చేరిన నలుగురు నడకవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా యాభై రెండేళ్ళ జీవితంలో ఎప్పుడూ అంత గర్వపడలేదు.

పీతల శాండ్‌విచ్ తిని, ఎర్రరాతి క్రైస్తవ మఠం శిథిలాల్లో తిరిగాం. దాన్ని దోచుకోవడానికి ఒకప్పుడు వైకింగులనే సముద్రపు దొంగలు పడవల్లో వచ్చారట. దణ్ణం పెట్టుకునేవాళ్ళు మాత్రం వెయ్యేళ్ళకి పైగా ఇదే ఇసుక మీద నడిచొస్తున్నారు. నేనూ ఆ రెండో జట్టులో చేరిపోయాను.

ఇక్కడి బస్సు వేళలు రోజూ ఆటుపోట్లని బట్టి మారతాయి, ముందే చూసుకోండి. మేం రెండున్నర బస్సు పట్టుకుని, బెరిక్‌లో నాలుగింటి రైలెక్కాం. సముద్రాన్ని పాదాలతో చూసినదాన్ని కాబట్టి, ఇప్పుడు కిటికీలోంచి కనిపించేది నాకు బాగా తెలిసిన సముద్రంలా ఉంది. పక్క సీటావిడ మా ఆయన ప్యాంటు మీది బురద చూసి ఏమైందని అడిగింది.

ఆయన అలవాటుగా గొంతు సవరించుకున్నారు. "లాస్ట్ ఇయర్ మై వైఫ్..." అని మొదలుపెట్టి, ఆగి, నా వైపు తిరిగారు.

"నువ్వే చెప్పు," అన్నారు.

యార్క్ వచ్చేదాకా చెప్పాను. ఒక్క ముక్క వదల్లేదు.