ప్రేమానందం నేర్చుకున్న ఒతెరా

వడమాలపేట ప్రేమానందానికి ఆరు భాషలు వచ్చు. ఈ లెక్క ఆయనదే. తెలుగు సొంతం. తమిళం సత్యవేడులో మేనత్త ఇంట పెరగడంవల్ల వచ్చింది. కన్నడం, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు మాత్రం ఇరవై రెండేళ్ళుగా తిరుమల కొండకు వచ్చే భక్తులను కారులో తిప్పుతూ నేర్చుకున్నవి. మరాఠీలో ఆయనకు తెలిసింది "చెప్పులు కారులోనే పెట్టండి" అన్న ఒక్క మాటేనని భార్య కృపారాణి అంటుంది.

"ఆ ఒక్కటీ చాల్లేమ్మే. వాళ్ళతో నాకు ఇంకేం పని" అంటాడు ఆయన.

రెండేళ్ళ కిందట సత్యవేడు దగ్గరున్న ఒక జపాను కంపెనీ ఆయన కారును నెలవారీగా మాట్లాడుకుంది. తిరుపతిలో అపార్టుమెంటులో ఉండే తనబే అనే ఇంజనీరును పొద్దున కంపెనీలో దించి, సాయంత్రం తిరిగి తీసుకురావాలి. తనబే గారికి యాభై ఐదేళ్ళుంటాయి. సన్నటి మనిషి. కారు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నడుము వంచి నమస్కారం చేసేవాడు. ప్రేమానందం కూడా వంగేవాడు. అది చూసి ఆయన మళ్ళీ వంగేవాడు. ముందు ఎవరు ఆపాలో తెలియక మొదటి వారమంతా ఇద్దరూ గేటు దగ్గర వంగుతూ లేస్తూనే ఉన్నారు. వాచ్‌మన్ కుర్చీ ఇటు తిప్పుకొని మరీ చూసేవాడు.

జూలైలో ఒక శనివారం సాయంత్రం, పుత్తూరు దాటాక, తనబే గారు వెనక సీట్లోంచి ముందుకు వంగి జపాను భాషలో ఏదో అడిగాడు. అందులో "ఒతెరా" అన్న మాట రెండుసార్లు వినపడింది. అర్థం చెప్పడానికి ఆయన ఫోను తీశాడు. ప్రేమానందం చెయ్యి అడ్డం పెట్టాడు.

"నో ఫోన్ సార్. ఐ నో."

ఓ తెర. పాపం, తెలుగులో అడుగుతున్నాడని ప్రేమానందానికి ముచ్చటేసింది. ఆ పొద్దున్నే ఆయన కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొని, పడకగదిలోకి ఎండ కొడుతోందని సైగ చేసి చూపించాడు కూడా. ఇంక అనుమానం ఏముంది? కారును నేరుగా తిరుపతిలో ఒక గుడ్డల షాపు ముందు ఆపాడు. కర్టెన్లన్నీ పరిపించాడు. తనబే గారు కాసేపు ఆ గుడ్డలనూ, కాసేపు ప్రేమానందం మొహాన్నీ చూశాడు. కాదనడం ఆయనకు అలవాటు లేనట్టుంది. నెమళ్ళ బొమ్మలున్న తెర ఒకటి కొనుక్కొని, సంచీ ఒళ్ళో పెట్టుకొని, బుద్ధిగా ఇంటికి వెళ్ళాడు. దిగేటప్పుడు మామూలుకంటే ఒకసారి ఎక్కువే వంగాడు.

ఇంటికొచ్చి ప్రేమానందం ఈ సంగతి గొప్పగా చెప్పుకుంటుంటే కూతురు జెస్సీ తింటున్న ముద్ద పక్కన పెట్టేసింది. ఆమె అదే కంపెనీ ఆఫీసులో పనిచేస్తుంది. వాళ్ళు చెప్పే జపాను క్లాసులకు ఏడాదిగా వెళ్తోంది.

"నాయనా, ఒతెరా అంటే తెర కాదు. గుడి. బుద్ధుడి గుడి. తెరా అంటే గుడి, ముందర ఒ పెట్టేది మర్యాదకి."

"మర్యాద ముందర పెడతారా? మనం ఎనకాల గదా పెడతాం, గారు అని."

"వాళ్ళు ముందరే పెడతారు."

కృపారాణి నవ్వు ఆపుకోవడానికి చాలా పాటుపడింది. "గుడికి పోవాలన్నోడికి కిటికీ గుడ్డ కొనిపించినావా? ఇంక నయం, బడి అనుకోని ఆయప్పని ఒకటో క్లాసులో చేర్పించలేదు."

ఆదివారం చర్చిలో పాటలు సాగుతుంటే ప్రేమానందం పెదాలు వేరే మాట పలకడం పక్కనున్నవాళ్ళు గమనించారు. సోమవారం పొద్దున తనబే గారు కారు ఎక్కగానే, "సార్, ఒతెరా. తెర నో. సారీ" అన్నాడు. తనబే గారి మొహం విచ్చుకుంది. దాంతో ప్రేమానందానికి హుషారొచ్చింది. దారిలో నారాయణవనం గోపురం చూపించి, "ఒతెరా" అన్నాడు. తనబే గారు మర్యాదగా చూసి, కొంచెం ఆలోచించి, "జింజా" అన్నాడు. తమ ఊళ్ళో చర్చి చూపిస్తే "క్యోకై" అన్నాడు. సాయంత్రం పనిగట్టుకొని అలిపిరి దాకా తీసుకుపోయి, "వెరీ బిగ్ ఒతెరా" అంటే, ఆయన కొండవైపు చాలాసేపు చూసి, చేతులు జోడించి, మళ్ళీ జింజా అనే అన్నాడు. పొద్దుగూకేసరికి ప్రేమానందం దగ్గర కొత్త మాటలు రెండు పోగయ్యాయి గానీ ఒతెరా మాత్రం దొరకలేదు.

మరునాడు జెస్సీ ఆఫీసులో తనబే గారినే అడిగి అసలు విషయం కనుక్కొని వచ్చింది.

"జింజా అన్నా గుడేనంట నాయనా, వాళ్ళ పాత దేవుళ్ళది. బిడ్డ పుడితే ఆడికి పోతారు. మనిషి పోతే మాత్రం ఒతెరాకే. సమాధులు కూడా ఆ గుడి ఆవరణలోనే ఉంటాయంట. శుక్రవారం వాళ్ళమ్మ పోయిన దినం. ఏటా పోయి ఊదొత్తి పెట్టి వచ్చేవాడంట. ఈ ఏడు ఈడ ఉండాడు గదా. గుడి సూడాలని కాదు నాయనా, వాళ్ళమ్మ కోసం అడిగినాడు."

ప్రేమానందం ఖాళీ కంచంలో వేలితో గీతలు గీశాడు. ఆకలేమో అనుకొని కృపారాణి ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

తర్వాత ఆయన బుద్ధుడి గుడి ఎక్కడుందని తెలిసిన డ్రైవర్లందరికీ ఫోన్లు చేశాడు. ఒకరు మద్రాసు అన్నారు, ఒకరు అమరావతి అన్నారు. శుక్రవారం తనబే గారికి సెలవు లేదు. పని ముగించుకొని పోయి రావడానికి రెండూ కుదరవు.

"నాకు తెలిసి ఈ సుట్టుపక్కల బుద్ధుడు యాడా లేడే" అన్నాడు దిగులుగా.

"అమ్మకి దండం పెట్టుకోవాలంటే బుద్ధుడే కావల్నా?" అంది కృపారాణి. "సమాధులుండే సోటు కావాల. అంతేగదా? మీయమ్మ లేదా మన ఊళ్ళో?"

"మాయమ్మ జపానామెనా?"

"మీయమ్మ ఎవురొచ్చినా కాదనే మనిషా?"

జెస్సీ మరునాడు తనబే గారికి విషయం విడమరిచి చెప్పి, ఇష్టమైతేనే రమ్మంది. ఆయన లేచి నిలబడి మరీ వంగాడు.

శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గాక నలుగురూ చర్చి వెనకున్న సమాధుల తోటకు వెళ్ళారు. ప్రేమానందం తల్లి గంగులమ్మ సమాధి గోడవారగా ఉంది. నవంబరులో సమాధుల పండుగకు వచ్చి కొవ్వొత్తి వెలిగించాక ఆయన మళ్ళీ అటు రాలేదు. ఎనిమిది నెలల గడ్డి మోకాలెత్తున పెరిగింది. పేరు మీద మట్టి పేరుకొని ఒక్క అక్షరమూ కనపడడం లేదు.

తనబే గారు సమాధి ముందు నిలబడి దండం పెట్టాడు. తర్వాత చొక్కా చేతులు మడిచి, జెస్సీతో ఏదో అన్నాడు.

"బకెట్టు కావాలంట" అంది జెస్సీ.

చర్చి బోరింగు దగ్గర్నుంచి కృపారాణి నీళ్ళు తెచ్చింది. తనబే గారు కింద కూర్చొని ముందు గడ్డి పీకాడు, తర్వాత సొంత చేతిరుమాలు తడిపి రాయి తోమడం మొదలుపెట్టాడు. ప్రేమానందం "నో సార్, నో సార్" అంటూ చుట్టూ తిరిగాడు. ఆయన వినలేదు. చివరికి ప్రేమానందమూ గొంతుక్కూర్చొని గడ్డి పీకసాగాడు. తలెత్తలేదు.

కృపారాణి సమాధివైపు తిరిగి, ఎదురుగా మనిషి ఉన్నట్టే చెప్పింది. "సూడత్తా, ఆరు భాషలొచ్చిన కొడుకుండి కూడా, సముద్రం అవతల్నుంచి ఒకాయప్ప వచ్చి నీ మొహం కడగాల్సొచ్చింది."

ప్రేమానందం చొక్కా చేతికి కళ్ళు తుడుచుకొని, దుమ్ము పడిందన్నాడు. తడి గడ్డిలో దుమ్మెక్కడిదని ఎవరూ అడగలేదు.

అక్షరాలు బయటపడ్డాయి. తనబే గారు వాటిమీద వేలు పెట్టి ఏమిటని చూశాడు. ప్రేమానందం "గంగులమ్మ" అని చదివాడు. ఆయన రెండుసార్లు పలికి సరిచేసుకొని, జేబులోంచి సన్నటి ఊదొత్తుల పొట్లం తీసి ఒకటి వెలిగించాడు. కళ్ళు మూసుకొని మెల్లగా ఏదో చెప్పుకున్నాడు. ఆ తర్వాత ప్రేమానందం ప్రార్థన చేశాడు. ఆరు భాషల్లోనూ చేస్తాడేమోనని కృపారాణి భయపడింది గానీ, ఆయన తెలుగుతోనే సరిపెట్టాడు.

తనబే గారు తల్లితో ఏమన్నాడో జెస్సీ ఇంటికొచ్చాక చెప్పింది. "ఈ ఏడు నీ దగ్గరికి రాలేకపోయినా, ఇంకో అమ్మ ఇంటికొచ్చినా, ఏమనుకోవద్దు అన్నాడు."

ఆయన మరుసటి మే నెల దాకా ఉండి వాళ్ళ దేశం వెళ్ళిపోయాడు. ఈ జూలైలో జెస్సీ ఫోనుకు ఒక ఫోటో పంపాడు. నల్లటి పెంకుల కప్పున్న గుడి, దాని ఆవరణలో తడిసి మెరుస్తున్న రాయి, పక్కన తనబే గారు. ప్రేమానందం ఆ ఫోటోను అలిపిరి స్టాండులో డ్రైవర్లందరికీ చూపించాడు. ఒకతను "ఇదేం గుడప్పా?" అంటే, గుడి అనకూడదనీ, ఒతెరా అనాలనీ, ఆ ఒ దేనికో కూడా వివరంగా చెప్పాడు. బేరం వచ్చి అతను మధ్యలోనే వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం జెస్సీని కూర్చోబెట్టి జవాబు రాయించాడు. కొండమీద రద్దీ దగ్గర్నుంచి పుత్తూరు రోడ్డు గుంతల దాకా అరగంటసేపు చెప్పాడు. జెస్సీ మూడే వరుసలు రాసి పంపేసింది. ఆయనకు అనుమానమొచ్చింది.

"మొన్న మాయమ్మ సమాధికి సున్నం కొట్టించినానని రాసినావా?"

"రాసినా నాయనా."

"మాయమ్మ బాగుండాదని?"

జెస్సీ ఒక్క క్షణం తండ్రివైపు చూసి, ఫోను మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "అది మరిసిపోయినా. ఇప్పుడు రాస్తా ఉండు."